చేతిపని కబుర్లు: ఇంటిల్లిపాదికీ హాలోవీన్ వేషాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. అక్టోబరు 31న అపార్ట్‌మెంటులోనో బళ్లోనో హాలోవీన్ అంట, పిల్లలకు వేషం కావాలంట, ఆన్‌లైన్‌లో కొందామంటే రేటు చూసి గుండె గుభేలుమంటోందంట. నెల్లూరులో మా అత్తగారిది నాటకాల వాళ్లకు కిరీటాలు, గదలు అద్దెకిచ్చే కొట్టు. పెళ్లయి వచ్చిన కొత్తలోనే నా చేతికి సూదీ దారం ఇచ్చేశారు. రాక్షసులకీ భూతాలకీ కుట్టిన చెయ్యి ఇది, హాలోవీన్‌కి బెదిరేది లేదు.

జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక మాట. స్టేజీ మీద ఎవరు ఎవరో జనం పోల్చుకునేది తల మీద ఉన్నదాన్నీ, చేతిలో ఉన్నదాన్నీ చూసే. గద ఉంటే భీముడు, నెమలి పింఛం ఉంటే కృష్ణుడు. మధ్యలో కట్టుకున్న పంచె ఎవరిదైనా ఒకటే. మీ డబ్బూ ఓపికా తలకీ చేతికీ ఖర్చు పెట్టండి. ఒంటికి బీరువాలో ఉన్న పాత బట్టలు చాలు.

ప్రశ్న: నేను, మావారు, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అత్తగారు. ఐదుగురికీ కలిసొచ్చేలా వేషాలు చెప్పండి. మా అత్తగారేమో ఇంట్లో దయ్యం వేషాలు అశుభం అంటున్నారు. (ఒక పాఠకురాలు, కావలి)

ముందు అత్తగారి సంగతి చూద్దాం తల్లీ. ఆమెతో వాదన పెట్టుకోకండి. దసరాకి పులివేషం, ఊళ్లోకి వచ్చే పగటివేషాలు, అర్ధనారీశ్వరుడు ఇవన్నీ ఆమె చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని చూసినవే. వాటి గురించి అడగండి, మాట కలుస్తుంది. హాలోవీన్ కూడా ఐర్లాండు, స్కాట్లాండు పల్లెల్లో కోతలయ్యాక వచ్చే పండగలోంచి పుట్టిందే. నవంబరు 1 క్రైస్తవులకు సకల పునీతుల పండుగ, దానికి ముందు రాత్రి ఇది. మర్నాడు, నవంబరు 2న, మన దగ్గరే సమాధుల పండుగ అని పూలు, కొవ్వొత్తులు పెట్టి పెద్దవాళ్లను తలుచుకుంటారు కదా. పోయినవాళ్లను తలుచుకునే రోజుల్లో వచ్చేదే అని చెప్పండి. అయినా ఒప్పుకోకపోతే ఆమెకు దయ్యం వేషం అక్కర్లేని వేషం ఇద్దాం.

మీకు కథ మన దగ్గరే ఉంది. మీవారు విక్రమార్కుడు, బాబు భేతాళుడు, మీరు చెట్టు, పాప ఆ చెట్టుకు వేలాడే గబ్బిలం, అత్తగారు పేదరాశి పెద్దమ్మ. ఆమె చేయాల్సింది ఏమీ లేదు. ముతక చీర, భుజం మీద దుప్పటి, చేతిలో కర్ర, ఒళ్లో చాక్లెట్ల బుట్ట పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటే చాలు. పిల్లలంతా ముందు ఆమె దగ్గరికే వస్తారు. వచ్చే ఏడాదికి ఆ వేషం ఆమే అడిగి మరీ వేసుకోకపోతే చూడండి.

విక్రమార్కుడికి మీ ఇంట్లో ఉన్న పట్టుపంచె, ఉత్తరీయం చాలు. కిరీటం అట్టతో చేసి, చిరిగిపోయిన పట్టుచీర జరీ అంచును చుట్టూ అతికించండి. బంగారు రంగు కాగితం కంటే జరీ దీపాల వెలుగులో బాగా మెరుస్తుంది. భేతాళుడికి నాన్న తెల్ల చొక్కా మోకాళ్ల దాకా వస్తుంది. పాత మంకీ క్యాప్ మీద నల్ల ఉన్ని దారాలు మూర పొడవున వరసగా కుట్టేస్తే జుట్టు రెడీ. భుజం మీదికి ఎక్కించుకోవడం ఫోటో వరకే. ఎనిమిదేళ్ల వాణ్ణి గంటసేపు మోస్తే విక్రమార్కుడికి భేతాళుడు కథ చెప్పకుండానే మౌనభంగం అవుతుంది.

చెట్టుకు మీ ముదురు ఆకుపచ్చ లేదా మట్టిరంగు చీర. గోనెసంచి అంచు విప్పితే నార పోగులు పోగులుగా వస్తుంది. వాటిని మూరెడు పొడవు కట్టలుగా కట్టి చేతుల కింద పిన్నీసులతో వేలాడదీయండి, మర్రి ఊడల్లా ఉంటాయి. నేలను తాకనివ్వొద్దు, పాప తొక్కి పడుతుంది.

ఇక గబ్బిలం, నాకు చాలా ఇష్టమైనది. ఇంట్లో కమ్మీ విరిగిన నల్ల గొడుగు ఉంటుంది చూడండి, అది పారేయకండి. కమ్మీలన్నీ తీసేయండి, కొసల్లో ఉండే చిన్న లోహపు టోపీలతో సహా. ఒక్కటి మిగిలినా పిల్ల కంట్లో గుచ్చుకుంటుంది. గుడ్డలో ఎనిమిది పలకలుంటాయి, మధ్యకు రెండు ముక్కలు చేస్తే రెక్కకు నాలుగు. గొడుగు నడిమి మొన చంకలోకి రావాలి. ఒక తెగిన అంచును నల్ల టీషర్టు చేతి కింద మణికట్టు దాకా, రెండో అంచును పక్కకుట్టు వెంట నడుము దాకా టాకా వేయండి. నాలుగేళ్ల పిల్ల చేతికి గుడ్డ పొడవెక్కువ అవుతుంది. అప్పుడు మొన వైపు కత్తిరించండి, బయటి అంచు జోలికి పోకండి. ఆ వంపుల అంచులోనే గబ్బిలం ఉంది. చేతులు కిందికి దించితే రెక్క ముడుచుకుంటుంది, ఎత్తితే విచ్చుకుంటుంది. చెవులకు నల్ల హెయిర్ బ్యాండు మీద రెండు అట్ట ముక్కలు.

ప్రశ్న: అట్టతో కత్తి చేస్తే రెండు దెబ్బలకే వంగిపోతోంది. థర్మోకోల్‌తో సమాధిరాయి చేసి స్ప్రే పెయింట్ కొడితే గుంటలు గుంటలుగా కరిగిపోయింది. ఎందుకంటారు? (ఒక తండ్రి, ఒంగోలు)

అబ్బయ్యా, అట్టను కోసే ముందు దాని అంచు చూడు. లోపల సన్న గొట్టాలు వరసగా ఉంటాయి. కత్తి పొడవునా ఆ గొట్టాలు పోవాలి. అడ్డంగా పోయాయంటే ప్రతి గొట్టం దగ్గరా మడత పడుతుంది. మూడు పొరలు కోసి, నడిమి పొరను మాత్రం అడ్డంగా పెట్టి ఫెవికాల్‌తో అతికించు. ఆ రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచు. పొద్దున తీసి చూస్తే చెక్కలా ఉంటుంది. అట్టకు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఫ్రిజ్‌లు అమ్మే కొట్లవాళ్లను అడిగితే పెట్టెలు ఊరికే ఇస్తారు.

అంచులకు న్యూస్‌పేపర్ ముక్కలు, సగం ఫెవికాల్ సగం నీళ్లలో ముంచి చుట్టు. ఆరాక మొత్తం నలుపు వేసి, అది కూడా ఆరాక ఎండు బ్రష్‌తో వెండిరంగు పైపైన తాకించు. గుంటల్లో నలుపు మిగిలిపోయి ఇనుములా కనిపిస్తుంది. మా కొట్లో గదలన్నింటికీ ఇదే పద్ధతి. కొస మాత్రం గుండ్రంగా ఉండాలి, పిల్లలు ఆడుకునేటప్పుడు కత్తి అని మర్చిపోతారు.

థర్మోకోల్ సంగతి: స్ప్రే డబ్బాలోని ద్రావకం దాన్ని తినేస్తుంది. చెప్పుల కొట్లో వాడే పసుపు జిగురు కూడా అంతే. తెల్ల ఫెవికాల్, నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు అయితే ఏమీ కాదు. స్ప్రేనే కావాలనుకుంటే ముందు ఫెవికాల్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వు. నన్నడిగితే ఆ కరిగిన రాయి పారేయొద్దు. బూడిదరంగు వేసి మూలకు ఆనించు, నూరేళ్ల నాటిదిలా ఉంటుంది.

ప్రశ్న: బెలూన్ మీద కాగితాలు అతికించి మాస్కు చేశాను. నాలుగు రోజులైనా ఆరలేదు, లోపల బూజు వచ్చింది. (ఒక విద్యార్థిని, పొదలకూరు)

మన జిల్లాలో అక్టోబరు అంటే వానల నెల తల్లీ. ఈశాన్య రుతుపవనాలు అప్పుడే మొదలవుతాయి, మనకు వానలు దండిగా పడేది డిసెంబరు దాకానే. విదేశాల వీడియోల్లో చెప్పే లెక్కలు మన గాలికి పనికిరావు. కాగితం మాస్కు చేయాలంటే సెప్టెంబరు ఎండల్లోనే చేసి పెట్టుకోవాలి. ఇప్పుడైతే ఒకేసారి ఐదారు పొరలు వేయొద్దు. రెండు పొరలు, ఫ్యాను కింద పూర్తిగా ఆరడం, మళ్లీ రెండు. జిగురు పల్చగా ఉండాలి: గ్లాసు మైదాకు ఐదు గ్లాసుల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా ఉడికించి చల్లార్చడమే. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ముఖానికి తగిలే వస్తువులో వద్దు.

బూజు పట్టింది పారేయి. దాని బదులు ఫోమ్ షీటుతో కళ్ల వరకే వచ్చే సగం మాస్కు చేసుకో. నిండు మాస్కులో చెమట, పక్కచూపు ఉండదు, మెట్ల దగ్గర పడతారు.

ప్రశ్న: ముఖానికి రంగులు ఏవి వేయాలి? పోయినసారి మా పాపకు దద్దుర్లు వచ్చాయి. (ఒక తల్లి, దర్శి)

పోస్టర్ కలర్, ఫ్యాబ్రిక్ కలర్, హోలీ పొడులు, రంగు కుంకుమ ఏవీ వద్దు. వెనకటి నాటకాల వాళ్లు పచ్చటి ముఖానికి అర్దళం అనే పసుపురంగు రాతిపొడి పూసుకునేవారు. అందులో పాషాణం అనే విషం ఉంటుందని తెలిసీ తెలియకా రాత్రంతా దాంతోనే ఆడేవారు, పాపం.

ముందు కొబ్బరినూనె పల్చగా రాయండి. తెలుపుకు మామూలు పౌడర్‌లో నాలుగు చుక్కల నూనె కలిపి మెత్తగా చేసుకోండి. నలుపుకు కాటుక, ఎరుపుకు మీ లిప్‌స్టిక్. కొన్న ఫేస్ పెయింటైనా సరే, ముందురోజు మోచేతి మడతలో చుక్క పెట్టి చూడండి. దురద, ఎరుపు రాకపోతేనే ముఖానికి. కంటి రెప్పల మీద, పెదవుల లోపల వద్దు. తీసేటప్పుడు నీళ్లతో రుద్దకుండా నూనెతో తుడిచి, తర్వాత శనగపిండి.

ప్రశ్న: అక్టోబరులో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. మనవడికీ మనవరాలికీ హాలోవీన్ బట్టలు ఇక్కడే కుట్టి తీసుకెళ్లాలని ఉంది. ఏం జాగ్రత్తలు? (ఒక అమ్మమ్మ, దర్గామిట్ట, నెల్లూరు)

అక్కయ్యా, అక్కడ పిల్లలు చీకటి పడే వేళకు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కుంటారు. అక్టోబరు చివరికి ఆ ఊళ్లో సాయంత్రానికి బాగా చలి. మీరెంత ముద్దుగా కుట్టినా మీ అమ్మాయి దాని మీద జాకెట్ తొడిగేస్తుంది, వేషం కనపడదు. కాబట్టి వేషమే స్వెట్టర్ మీద వేసుకునేలా కుట్టండి. ఒంటి చుట్టుకొలతకు నాలుగంగుళాలు, చేతులకు రెండంగుళాలు ఎక్కువ. కొలతలు పిల్లల ఒంటి మీద తీయమనకండి, కుదురుగా నిలబడరు. వాళ్ల స్వెట్టర్‌ను మంచం మీద పరిచి టేపు పెట్టి వీడియో కాల్‌లో చూపించమనండి.

మనవడికి మన పులివేషం కుట్టండి. పసుపుపచ్చ పైజామా లాల్చీ మీద నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్‌తో చారలు. చారలు గీతల్లా సమానంగా వేయొద్దు, వెన్నులోంచి మొదలై పొట్ట వైపు సన్నబడాలి, ఒకటి రెండు మధ్యలో చీలాలి. తోకలో గుడ్డపీలికలు కూరి, కొసను దారంతో మణికట్టుకు కట్టేలా చేయండి. ఈడ్చుకుంటూ తిరిగితే ఎవరైనా తొక్కుతారు, మణికట్టుకు ఉంటే వాడే ఊపుకుంటాడు. అక్కడి వాళ్లకు టైగర్, మనకు దసరా పులి.

మనవరాలికి ఏది కుట్టినా అంచు చీలమండ పైనే ఉండాలి. వీపున, చేతులకు వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ టేపు కుట్టండి, కార్ల వాళ్లకు కనపడాలి. ఇళ్ల ముందు గుమ్మడికాయల్లో కొన్నిచోట్ల నిజం దీపాలే పెడతారు కనుక జారే నైలాను, నెట్టు గుడ్డలతో పెద్ద ఘేరాలు వద్దు. బళ్లోకి ముసుగులు, కత్తుల్లాంటివి చాలాచోట్ల రానివ్వరు. మీ అమ్మాయిని ముందే అడగండి.

ప్రశ్న: మన గుమ్మడికాయతో ఆ నవ్వే ముఖం చేయొచ్చా? (ఒక పాఠకుడు, సింగరాయకొండ)

చేయొచ్చు. మొదట్లో ఐర్లాండు, స్కాట్లాండుల్లో టర్నిప్ దుంపల్ని తొలిచేవారు. అమెరికా వెళ్లాక గుమ్మడి దొరికింది, తేలికైంది. మన కాయకు కండ మందం ఎక్కువ, పైనుంచి కోస్తే చెయ్యి నొప్పి. అడుగు నుంచి గుండ్రంగా కోసి గరిటెతో తోడెయ్యండి. ముఖం వచ్చే వైపు లోపలి కండను వేలెడు మందం దాకా గీకండి. కళ్లు త్రికోణాలుగా చాలు. మన వేడికి రెండో రోజుకే మెత్తబడుతుంది కాబట్టి ఆ సాయంత్రమే కోయండి. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ లైటు. మీ ఇంటి ముందు దిష్టికి కట్టిన బూడిద గుమ్మడి ఉంటే దాని జోలికి మాత్రం పోవద్దు, ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. తోడిన కండ ఆ రాత్రికే దప్పళంలో వేసేయండి, విత్తనాలు కడిగి ఆరబెడితే వేయించుకోవడానికి వస్తాయి.