ముందు టేపు తెచ్చుకోరా అల్లుడూ

ఒరేయ్ చిన్నా,

మొన్న పెళ్ళిలో నా పక్కనే పడుకున్నావు కదా. గురక పెట్టావని కాదు నా గోల, గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, పది పన్నెండు సెకన్ల తర్వాత ఉలిక్కిపడి మళ్ళీ అందుకుంటుంటే చూసి నాకు నిద్ర పట్టలేదు. నాకూ సరిగ్గా ఇలాగే ఉండేది, మీ అత్త ఎన్నిసార్లు చెప్పినా అలసటేలే అని కొట్టిపారేశాను, చివరికి షుగరు, బీపీ రెండూ ఒకే రోజు బయటపడ్డాయి. అప్పటికి 94 కిలోలు. ఆ బరువు తగ్గించుకున్న దారే నీకూ చెబుతున్నాను.

ఈ వారమే డాక్టర్‌కి ఆ ఊపిరి సంగతి చెప్పి షుగరు, బీపీ, థైరాయిడ్, లివర్ చూపించుకో. తర్వాత టైలర్ టేపు కొని బొడ్డుకి కాస్త పైన నడుము చుట్టూ కొలుచుకో, పొట్ట లోపలికి లాక్కోకుండా (ఫొటోలకి లాక్కుంటావు, చూశాను). మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమే. మన ఒంటి తీరే అంత, కాళ్ళూ చేతులూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా పొట్టలో, లివర్‌లో చేరుతుంది. అందుకే తెల్లవాళ్ళకి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 30 దగ్గర ఊబకాయం అంటే మనకి 25 దగ్గరే అంటారు.

నేను అన్నం మానలేదు, నువ్వూ మానకు, మానినవాళ్ళు నెల తిరక్కుండానే బిర్యానీ మీద పడతారు. ముందు కంచంలో కూర, పప్పు వేయించుకుని, మిగిలిన చోటే అన్నం, మూడు హస్తాల నుంచి ఒకటికి వచ్చాను. మొదటి వారం మీ అత్త "ఏమిటీ, ఉపవాసమా" అంది. అసలు దొంగ నూనె. ఇద్దరమే ఉండే ఇంట్లో నెలకి మూడు లీటర్లు అయ్యేది, ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాస్తే గానీ తెలియలేదు. పెద్ద చెంచాడు నూనెకి దాదాపు 120 కేలరీలు, అరగంట నడిచి కరిగించింది ఒక్క వేపుడులో తిరిగొస్తుంది.

అలాగని నడక మానకు. తిన్నాక పదిహేను నిమిషాలు చాలు, షుగరు అమాంతం పెరగదు. పది నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను, అంతకే బీపీ మాత్ర డోసు తగ్గించారు, మెట్లెక్కితే మోకాళ్ళు అరవడం లేదు. బరువు తగ్గిస్తామని అమ్మే ఆ డబ్బా పౌడర్ల జోలికి పోకు. బరువు తగ్గించే ఇంజెక్షన్లంటావా, పనిచేస్తాయి, కానీ డాక్టర్ రాస్తేనే, ఫ్రెండ్ ఇచ్చాడని కాదు.

ఆదివారం ఫోన్ చేసి నంబరు చెప్పు. లాక్కోకుండా కొలిచింది.

మీ మావయ్య