ఎనిమిదో తరగతి, అన్నాల తర్వాత పీరియడ్: బెత్తం లేకుండా ఎలా?

మేడమ్, మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చి జెడ్పీ హైస్కూల్లో సైన్స్ టీచరుగా చేరానన్నారు. ఎనిమిదో తరగతిలో 42 మంది, మధ్యాహ్న భోజనం కాగానే మీ పీరియడ్, గొంతు పోయేలా అరిచినా వినరు, అందులో ముగ్గురు మరీనూ. సీనియర్లేమో "రెండు తగిలించండి, వాళ్ళే దారికొస్తారు" అంటున్నారు. ఏం చేయాలని కదా మీ ప్రశ్న.

నేను పొదిలి వైపు పల్లెల్లో 17 ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ముందు ఆ తగిలించే సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. అతిక్రమిస్తే సర్వీస్ రూల్స్ కింద చర్య ఉంటుంది. కాబట్టి గోడకుర్చీ వేయించి "నేను కొట్టలేదుగా" అంటే కుదరదు. "కళ్ళు రెండూ వదిలేసి తోలు ఒలిచెయ్యండి సార్" అని అమ్మానాన్నలే వచ్చి చెబుతారు, ఆ మాట నమ్ముకోకండి. వాత తేలిన రోజు అదే నాన్న గేటు దగ్గర నిలబడతాడు.

కొత్తలో నేను బెత్తం పట్టలేదు గానీ అంతకంటే తెలివితక్కువ పని చేశాను. రోజుకు పదిసార్లు "హెచ్ఎం గారి దగ్గరికి పంపిస్తా" అనేవాణ్ణి. పంపింది లేదు. ఒకరోజు చివరి బెంచీ కుర్రాడు లేచి ఎంతో మర్యాదగా, "ఎప్పుడు పంపుతారు సార్, ఇంటర్వెల్‌కి ముందా, తర్వాతా?" అన్నాడు. క్లాసంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పౌరుషానికి పోయి మర్నాడు నిజంగానే ఒకణ్ణి పంపాను. ఆయన వాడిచేత రిజిస్టర్లు మోయించి, బెల్ కొట్టించి పంపేశారు. వాడు హీరోలా తిరిగొచ్చాడు.

అప్పుడు అర్థమైంది, నా క్లాసులో గోలంతా పిల్లల చేతికి పని లేని నిమిషాల్లోనే మొదలవుతోందని. నేను లోపలికొచ్చి, హాజరు వేసి, చాక్‌పీస్ వెతుక్కునేలోపే యుద్ధం అయిపోయేది. అన్నం తిని, పంపు దగ్గర తోసుకుని, చెమటతో పరిగెత్తుకొచ్చే పిల్లలు ఊరికే కూర్చోమంటే కూర్చుంటారా? బెల్‌కి ముందే వెళ్ళి బోర్డు మీద మూడు లెక్కలు రాసిపెట్టడం మొదలెట్టాను. రెండు నిన్నటివే, ఎవరైనా చేయగలిగినవి. మూడోది కాస్త తిప్పలు పెట్టేది. వాళ్ళు చేస్తుంటే బెంచీల మధ్య తిరుగుతూ ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాను. హాజరు ఆ తర్వాతే. ఏదైనా చెప్పాలంటే ఆ బెంచీ దగ్గరికే వెళ్ళి మెల్లగా చెబుతాను, బల్ల దగ్గర నుంచి కేక వేయను.

మాట్లాడేవాళ్ళ పేర్లు రాసే లీడర్‌ని మాత్రం పెట్టకండి. జామకాయ ఇచ్చినవాడి పేరు చెరిగిపోతుంది.

ఆ ముగ్గురినీ అందరిముందూ ఏమీ అనకండి. వేరువేరుగా కూర్చోబెట్టి, బెల్ అయ్యాక ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. ఇంటి సంగతీ అడగండి. మా వైపు పొగాకు సీజన్‌లో, పచ్చాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ మంట రాత్రంతా చూసుకోవాలి. ఒకసారి కునుకు తీస్తున్న పిల్లాణ్ణి లేపి నిలబెట్టి చెడామడా తిట్టాను. సాయంత్రం అడిగితే "రాత్రి నాన్నతో బ్యారన్ కాడ ఉన్నా సార్" అన్నాడు. ఇప్పుడు అలాంటివాణ్ణి పావుగంట పడుకోనిస్తాను. తోటి టీచర్లలో కొందరికి ఇది నచ్చదు, వాళ్ళతో వాదన పెట్టుకోను.

రెండు వారాల దాకా పెద్ద తేడా కనపడదు, ఒక్కరోజు కూడా మానకండి. మీది సైన్స్ కాబట్టి లెక్కల బదులు నిన్నటి బొమ్మ బోర్డు మీద సగం వేసి ఉంచండి, మిగతా సగం వాళ్ళు నోట్సులో వేస్తారు.