షెడ్డులో గ్రో లైట్లు కొట్టుకుంటుంటే ముందు న్యూట్రల్ చూడండి

ప్రశ్న: మా నర్సరీ షెడ్డులో రాక్‌లు కట్టి, ఎల్‌ఈడీ గ్రో లైట్ల కింద ప్రోట్రేలలో (గళ్ల ట్రేలలో) క్యాప్సికం, పెటూనియా నారు పెంచుతున్నాం. త్రీఫేజ్ సర్వీసు. కొన్నాళ్లుగా సాయంత్రం అయ్యేసరికి లైట్లు కొట్టుకుంటున్నాయి. నీళ్ల మోటారు వేస్తే ఇంకా ఎక్కువ. లైట్ల డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు ఇచ్చే పెట్టెలు) మార్చినా మళ్లీ పోతున్నాయి. మొన్న వరండాలో మామూలు బల్బు ఒకటి బాగా వెలిగి మాడిపోయింది. నారు కూడా సన్నగా సాగిపోతోంది. కొత్త లైట్లు కొనాలా, స్టెబిలైజర్ పెట్టాలా?
– ఒక నర్సరీ రైతు, కడియం మండలం, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: ఇప్పుడే లైట్లు కొనకండి, స్టెబిలైజరూ కొనకండి. అసలు సంగతి మీరు వరండా బల్బు గురించి రాసిన ఒక్క ముక్కలో ఉంది. వోల్టేజి తగ్గితే బల్బు మసకబారుతుందే తప్ప బాగా వెలిగి మాడిపోదు. అలా మాడిందంటే దానికి 230 వోల్టుల కంటే చాలా ఎక్కువ అందిందన్నమాట. త్రీఫేజ్ సర్వీసులో ఇలా జరిగితే మొదట అనుమానించాల్సింది న్యూట్రల్‌నే, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగనే. అది సరిచేసేదాకా లైట్లు, ఇంట్లో టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు తీసి ఉంచండి.

త్రీఫేజ్ సర్వీసులో కరెంటు తెచ్చే తీగలు మూడు, వాటినే ఫేజులంటారు. ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం ఒక ఫేజు మీద లోడు పెరిగినా మిగతావి పెద్దగా చలించవు. న్యూట్రల్ వదులైతే లోడు ఎక్కువున్న ఫేజులో వోల్టేజి పడిపోయి, తక్కువున్న ఫేజులో పైకి లేస్తుంది. సాయంత్రం ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ వేస్తాం కాబట్టి ఈ తేడా అప్పుడే బయటపడుతుంది. మీ డ్రైవర్లు వరసగా పోతున్నది కూడా చాలావరకు ఇందుకే. ఒక గదిలో ఫ్యాను నీరసంగా, పక్క గదిలో మామూలు కంటే జోరుగా తిరుగుతోందేమో గమనించండి. వోల్టు మీటరుతో చూస్తే ఒక ఫేజులో 170, ఇంకో ఫేజులో 280 లాంటి అంకెలు వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

న్యూట్రల్ సరిచేసే పని మీరు చేయకండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, మీటరు తర్వాత మెయిన్ స్విచ్‌లో, బోర్డులో న్యూట్రల్ స్క్రూలన్నీ చూపించండి. వదులైన జాయింటు దాచినా దాగదు: వైరు మీది ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి పెళుసుబారుతుంది, మూత తీయగానే మాడిన వాసన వస్తుంది. అల్యూమినియం తీగను రాగి తీగకు మెలేసి టేపు చుట్టిన చోట మరీ జాగ్రత్తగా చూడాలి. మన డెల్టా తేమలో, అందులోనూ రోజంతా నీళ్లు చల్లే నర్సరీ షెడ్డులో అలాంటి జాయింటు త్వరగా తెల్లపొడి పట్టిపోతుంది. దాన్ని కోసేసి, రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గు (తీగ చివర బిగించే లోహపు తొడుగు) వేయించాలి. లోపం మీటరుకు ముందు, అంటే సర్వీసు వైరులోనో స్తంభం మీదో ఉంటే అది విద్యుత్ శాఖ చూడాల్సిన పని. 1912కు ఫోన్ చేసి "న్యూట్రల్ లూజు, వోల్టేజి ఎక్కువ వస్తోంది" అని అదే మాటల్లో చెప్పండి. ఉత్తినే లైట్లు కొట్టుకుంటున్నాయంటే వాళ్లకు తొందర తెలియదు.

ఈలోగా ఎవరైనా ఎర్త్ రాడ్డు నుంచి తీగ లాగి న్యూట్రల్‌గా వాడుకోమని సలహా ఇస్తే దయచేసి వినకండి. ఊళ్లలో ఇది చాలాచోట్ల చేస్తున్నారు. అప్పుడు ఎర్తింగ్ ఇచ్చిన మోటారు బాడీకి, ఇనుప రాక్‌కు కూడా కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. మీ షెడ్డులో తడినేల మీద చెప్పుల్లేకుండా నీళ్లు పోసే ఆడవాళ్లు ఆ రాక్‌లనే పట్టుకుంటారు. నారు పోతే మళ్లీ విత్తుకోవచ్చు. ఈ పని జరిగేటప్పుడే షెడ్డుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. రాక్‌లకు సరైన ఎర్తింగ్ కూడా ఉండాలి.

ఇక మోటారు సంగతి. న్యూట్రల్ బాగైన తర్వాత కూడా మోటారు వేసిన క్షణంలో లైట్లు ఒక్కసారి తగ్గి లేస్తుంటే, చాలావరకు రెండూ ఒకే వైరు మీద ఉన్నట్టే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 40 మీటర్లు వేస్తే రానుపోను సుమారు ఒక ఓమ్ నిరోధం. లైట్లు లాగే 3 ఆంపియర్లకు పోయేది 3 వోల్టులే. అరహెచ్‌పీ మోటారు స్టార్టయ్యేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగితే 20 వోల్టులు పోతాయి. మోటారుకు బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగిస్తే సరిపోతుంది.

ఇంత చేశాక కూడా ఒకటి రెండు లైట్లే కొట్టుకుంటుంటే లోపం వాటిలోనే ఉంది. బాగున్న లైటు చోట దాన్ని పెట్టి చూడండి, తేలిపోతుంది. వెలుగు తగ్గించడానికి ఫ్యాను రెగ్యులేటర్ తగిలించి ఉంటే తీసేయండి, డిమ్మర్‌కు పనికిరాని డ్రైవరు దానితో తప్పకుండా కొట్టుకుంటుంది. స్విచ్ ఆపినా మిణుకుమంటుంటే స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌లో పడిందేమో చూపించండి. కొత్త డ్రైవర్లను రేకు కప్పు కింద వేడిలో కాకుండా గాలి ఆడేచోట, నీళ్లు పడని ఎత్తులో బిగించండి.

నారు సాగడానికి కారణం లైట్లు కొట్టుకోవడం కాదు, వెలుగు చాలకపోవడం. 50 హెర్ట్జ్ కరెంటు మీద చాలా చవకరకం లైట్లు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతూనే ఉంటాయి, మొక్కకు దానితో ఇబ్బంది లేదు. రోజు మొత్తంలో అందిన వెలుగు ఎంతన్నదే దానికి లెక్క. మీకు సాయంత్రాలు లైట్లు మసకబారి ఆ లెక్క తగ్గిపోయింది. అందుకని లైట్లు సరిగా పనిచేసేదాకా ట్రేలను పగలు షేడ్‌నెట్ కిందికి మార్చండి. తిరిగి లోపల పెట్టాక రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించి, తర్వాత చీకటి ఇవ్వండి. లైటు నారుకు మరీ ఎత్తులో ఉంటే ఆకు మాడనంత వరకు కొద్దికొద్దిగా కిందికి దించుకోండి. వెలుగు తక్కువున్న రోజుల్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) త్వరగా ఆరదు కాబట్టి తడి చూసే నీళ్లు పోయాలి. అలవాటుగా పోస్తే క్యాప్సికంలో నారుకుళ్లు వస్తుంది. కాండం మొదట్లో మెత్తబడి ఒరిగిన మొక్కలు కనిపిస్తే ఆ గళ్లు తీసేసి, మిగతా ట్రేలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిచేలా పోయండి. ఇప్పటికే బాగా సాగిపోయిన పెటూనియాను పారేయక్కర్లేదు, కొస తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. క్యాప్సికం మాత్రం మరీ బలహీనంగా ఉంటే రైతులకు అమ్మకుండా మళ్లీ విత్తుకోండి.