రెండువైపులా సింహాలున్న రూపాయి

ప్రశ్న: మా కొట్టు గల్లాపెట్టెలో ఒక రూపాయి బిళ్ల దొరికిందండీ. ఒకవైపు సింహాల గుర్తు మామూలుగానే ఉంది, తిప్పితే అంకె లేదు, అవే సింహాలు లోపలికి గుంటపడి అద్దంలో చూసినట్టు ఉన్నాయి. ఫోన్‌లో ఒకతను లక్షలిస్తానంటున్నాడు, కాకపోతే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు రెండు వేలు పంపాలట. చింతపండుతో తోమి ఫొటో పెట్టమన్నాడు. ఏం చేయను? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తోమకండమ్మా, డబ్బు అసలే పంపకండి. ఇలా ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఇక బిళ్ల సంగతి. మీరు చెప్పినదాన్నిబట్టి అది బ్రోకేజ్ కావచ్చు, మన దగ్గర సేకరించేవాళ్లు దీన్నే లఖీ అంటారు. టంకశాలలో ముందు కొట్టిన నాణెం కింద పడకుండా అంకె అచ్చుకే అతుక్కుపోయి, తర్వాతి ముద్ర పడని బిళ్ల దాని మీదే పడి దెబ్బ తింటే, ఒకవైపు అచ్చు బొమ్మ తేలుతుంది, రెండోవైపు ఆ ఇరుక్కున్న నాణెం మీది సింహాలు గుంటగా దిగుతాయి. అతుక్కున్న నాణెం దెబ్బదెబ్బకీ సాగిపోతుంది కాబట్టి గుంటబొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది. మరి నకిలీ కాదని ఎలా తెలుస్తుందంటే, రెండు నాణేలను వైస్‌లో (వస్తువుల్ని బిగించి పట్టే పనిముట్టు) పెట్టి బిగించినా గుంటబొమ్మ వస్తుంది, అప్పుడు అవతలివైపు సింహాలు నలిగి చదునవుతాయి, గుంట చుట్టూ పాత అంకె జాడలు మిగులుతాయి. భూతద్దం పెట్టి ఆ రెండూ చూడండి. అవి లేకపోతే ఆ రూపాయిని కాగితం కవర్లో దాచి, నాణేల ప్రదర్శనకు వెళ్లినప్పుడు ఇద్దరు ముగ్గురికి చూపించాకే ధర మాట్లాడండి.

ప్రశ్న: తమ్ముడు డల్లాస్ నుంచి తెచ్చిన క్వార్టర్లలో (పావు డాలరు నాణేలు) వెనక బొమ్మ తలకిందులుగా ఉంది. మిస్‌ప్రింటేనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదండీ. అమెరికా నాణేలను పక్కకి తిప్పితే వెనక బొమ్మ తలకిందులుగానే కనిపిస్తుంది, అక్కడి పద్ధతే అది. మన రూపాయి అలా కనిపిస్తే మాత్రం అచ్చు తిరిగిపోయినట్టే. తమ్ముడిని 1943 నాటి ఒక సెంటు నాణెం కోసం చూడమనండి. యుద్ధం వల్ల ఆ ఏడు రాగిని ఆపి జింకు పూసిన ఉక్కుతో కొట్టారు, పొరపాటున ముద్ర పడని పాత కంచు బిళ్లలు కొన్ని అచ్చుల్లోకి వెళ్లాయి, అందరూ వెతికేది వాటినే. ఎర్రగా ఉందని సంబరపడే ముందు అయస్కాంతం పెట్టాలి. అతుక్కుంటే రాగి పూత పూసిన ఉక్కు. అతుక్కోకపోయినా 1948లోని 8ని గీకి 3 చేసినవి కూడా తిరుగుతున్నాయి, అంకె ఆకారం బాగా చూడమనండి.