చిన్నీ, ముందు ఆ స్పాంజి పక్కన పెట్టు

చిరంజీవి చిన్నికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. టోక్యోలో పాత బొమ్మల దుకాణాలుండే నకనో బ్రాడ్‌వేలో మూడు పాత జపాన్ రోబో బొమ్మలు ఒకేసారి కొన్నావని తెలిస్తే మీ అమ్మ ఏమంటుందో నాకు తెలుసు, అది మీరూ మీరూ తేల్చుకోండి. "శనివారం కూర్చుని మూడూ కడిగేస్తాను, ఏ సబ్బు వాడమంటావు?" అని అడిగావు చూడు, దానికే ఈ ఉత్తరం. మూడింటికీ పనికొచ్చే సబ్బు లేదమ్మా. ఒకటి రేకు, ఒకటి జింకు, ఇంకోటి పాలిథిలీన్. ఒకదానికి మందు అయ్యేది ఇంకోదానికి విషం. ఇది తెలియక పాడుచేసిన బొమ్మలే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి.

ఫోటోలో సింకు పక్కన తెల్లటి మెలమైన్ స్పాంజి కూడా కనిపించింది. ముందు దాన్ని వంటింట్లో పెట్టేసి రా. చేతికి మెత్తగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదనుకుంటారు. నిజానికి అది చాలా సన్నటి ఉప్పుకాగితం. కప్పు మీది టీ మరకతో పాటు రోబో ఛాతీ మీద అచ్చేసిన మీటర్లూ ముళ్లూ అన్నీ గీక్కుపోతుంది.

ముందు రేకు రోబో సంగతి. ఎస్‌హెచ్ అని గుర్తు ఉందన్నావు కాబట్టి అది హొరికవా అనే బొమ్మల కంపెనీ సరుకు. టీఎన్ అని ఉంటే నొమురా కంపెనీది, టీఎం అనో మోడర్న్ టాయ్స్ అనో ఉంటే మసుదయ వాళ్లది. ఛాతీ తలుపులు తెరుచుకుని తుపాకులు బయటికొచ్చే రకాలు హొరికవా పేరు మీద 1960ల్లో బోలెడు వచ్చాయి. చాలావరకు ఓడలెక్కి అమెరికా వెళ్లినవే, ఇప్పుడు కలెక్టర్ల పుణ్యమా అని కొన్ని తిరిగొస్తున్నాయి. ఎప్పుడైనా "మేడిన్ ఆక్యుపైడ్ జపాన్" అని రాసి ఉన్న బొమ్మ దొరికితే అది 1947 నుంచి 1952 లోపుది, నాకు చెప్పకుండా దాని మీద చెయ్యి వేయకు.

నీ రోబో మీది రంగు బ్రష్షుతో వేసింది కాదు. చదునుగా ఉన్న రేకు మీద రంగు తర్వాత రంగు అచ్చు వేసి, వేడి మీద ఆరబెట్టి, వార్నిష్ పట్టించి, ఆ తర్వాత రేకును నొక్కి వంచి బొమ్మ చేశారు. అడుగున ఉక్కు, దాని మీద తగరం పూత, దాని మీద రంగు, పైన వార్నిష్. అన్నీ కలిపినా పొర చాలా పలచన. వార్నిష్ ఇన్నేళ్లలో కాస్త పసుపెక్కి ఉంటుంది. అది మురికి కాదు, వయసు. మురికి తీయి, వయసు జోలికి పోకు. పోయిన రంగును మళ్లీ ఎవరూ తేలేరు.

ముందు మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులుపు. సందుల్లోంచి బయటికి దులపాలి, లోపలికి నెట్టకూడదు. తర్వాత ఇయర్ బడ్ తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, టిష్యూ మీద గట్టిగా అద్దెయ్. ముట్టుకుంటే తడి ఉందా లేదా అని అనుమానం రావాలి, అంత చాలు. పాదం అడుగునో చంక కిందో ముందు చిన్నచోట చూసుకో. రుద్దకు, బడ్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ దొర్లించు. దూది బూడిదరంగు తిరగగానే పారేసి కొత్తది తీసుకో, లేకపోతే ఆ మురికే గరుకై గీతలు పెడుతుంది. దూదికి ఎరుపో నీలమో అంటిందంటే అక్కడితో ఆగిపో. వేలిముద్రల జిడ్డు నీళ్లకు లొంగకపోతే కాస్త ఉమ్మి వాడు. నవ్వకు, మ్యూజియంలో పనిచేసే వాళ్లు కూడా చేసే పనే అది. ఉమ్మిలో ఉండే ఎంజైములు జిడ్డును మెల్లగా వదిలిస్తాయి. తర్వాత నీటి బడ్‌తో తుడిచెయ్.

స్పిరిట్ వద్దు, థిన్నర్ వద్దు, ఇత్తడి సామాన్ల పాలిష్ అసలే వద్దు. చింతపండుతో బిందెలు తళతళలాడించిన వంశం మనది, చేతులు ఊరుకోవు. ఇక్కడ ఊరుకోవాలి. అతుకుల్లోకి నీళ్లు దిగనివ్వకు. రేకు కోసిన అంచుల దగ్గర తగరం పూత ఉండదు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

మోచేతి దగ్గర కనిపించిన తుప్పు మచ్చల్ని గీకకు. టూత్‌పిక్ కొసకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె తీసుకుని మచ్చ మీద పెట్టి, మర్నాడు దూదితో అద్దెయ్. తుప్పు మొత్తం పోదు, పాకడం మాత్రం తగ్గుతుంది. చివర్లో మైక్రోక్రిస్టలైన్ మైనం (పాత వస్తువుల మీద కాపుగా పూసే మైనం) పలచగా పట్టించి గుడ్డతో తుడిస్తే చాలు. రంగు పోయినచోట పెయింటు నింపాలని ఎంత అనిపించినా ఆ పని చేయకు. మచ్చలున్న అసలు బొమ్మకే విలువ, కొత్త రంగు పూసిన దానికి కాదు.

ఇప్పుడు సెల్లు పెట్టే అర. నాకైతే బొమ్మలో అన్నిటికన్నా ముందు చూడాలనిపించేది అదే. పాత రోబోల్లో లావు సెల్లు పడతాయి, మూత లోపల యూఎం-1 అని ఉంటే అవే. ఎవరో ఎప్పుడో సెల్లు పెట్టి మర్చిపోతారు, అవి కారతాయి. నీ ఫోటోలో ఇత్తడి పట్టీ మీద పచ్చగా ఉన్నది చిలుము, దాని పక్కన తెల్లగా పొంగినట్టు ఉన్నది కారిన రసం ఎండిన పొర. దాన్ని నోటితో ఊదకు. గ్లవ్స్ వేసుకో, కళ్లజోడు పెట్టుకో.

ఏం కారిందో తెలియకుండా మందు వేయకూడదు. పాతకాలపు మాంగనీస్ సెల్ రసం ఆమ్లం వైపు ఉంటుంది, దానికి వంటసోడా. ఆల్కలైన్ సెల్ కారితే అది క్షారం, దానికి వెనిగర్. బొమ్మ 60ల నాటిదే అయినా సెల్లు ఎప్పుడు ఎవరు పెట్టారో తెలియదు కదా. చిన్నప్పుడు స్కూల్లో చూసిన లిట్మస్ కాగితమే ఇక్కడ దిక్కు. ఆ పొర మీద ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, కాగితం తాకించు. ఎర్రబడితే వంటసోడాలో చుక్క నీళ్లు కలిపి పేస్టులా చేసి అద్దు, నీలమైతే బడ్‌కు కాస్త వెనిగర్. ఏది వాడినా ఆ పట్టీ మీదే, చుట్టూ ఉన్న రేకుకు తగలకుండా. తర్వాత డిస్టిల్డ్ వాటర్ బడ్‌తో తుడిచి, ఒక రోజు ఆరనివ్వు. పట్టీ మెరవాల్సిన పని లేదు, సెల్ తాకే చోట కాస్త లోహం కనిపిస్తే చాలు.

మోటారు తిరగట్లేదని వెంటనే బొమ్మ విప్పెయ్యకు. రేకు బొమ్మకు స్క్రూలు తక్కువ. ఒక రేకు అంచున ఉన్న చిన్న నాలుకల్ని ఇంకో రేకు చీలికల్లో దూర్చి మడిచి కూర్చారు. ఫ్యాక్టరీలో ఒకసారి వంగింది ఆ నాలుక. నువ్వు తెరిస్తే రెండోసారి, మూస్తే మూడోసారి. చాలావరకు అక్కడే విరుగుతుంది. అందుకే ముందు బయటి నుంచి చూడు. మొసలి క్లిప్పుల వైర్లు రెండు పట్టీలకు తగిలించి, ఒక్క సెల్‌తో కరెంటు ఇవ్వు. గుర్రుమని చప్పుడు వచ్చి కదలకపోతే మోటారు బతికే ఉంది, పళ్ల చక్రాల మధ్య గ్రీజు గట్టిపడి పట్టేసిందని అర్థం. అప్పుడు కూడా తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకు. కొన్ని ప్లాస్టిక్ చక్రాల్ని పగిలిపోయేలా చేస్తాయి, పైగా రంగు మీదకు కారతాయి. చప్పుడే రాకపోతే వైరు టంకం ఊడిందేమో టార్చి వేసి చూడు. అప్పటికీ దారి కనపడకపోతే విప్పడం గురించి ఆలోచిద్దాం.

రెండోది, కార్టూన్ రోబో మజింగర్ జెడ్, పోపీ వాళ్లు చోగోకిన్ అనే లోహపు బొమ్మల వరసలో చేసింది. పోపీ అంటే బాందాయ్ అనే పెద్ద బొమ్మల కంపెనీకి పిల్ల కంపెనీ, 1971లో పెట్టి 1983లో మళ్లీ బాందాయ్‌లో కలిపేశారు. ఈ చోగోకిన్ వరస 1974లో ఈ మజింగర్‌తోనే మొదలైంది. చేతిలో బరువుగా ఉంటుంది, అది జింకు మిశ్రమం పోతపోసిన ఒళ్లు. రేకులా భయపడక్కర్లేదు గానీ వెనిగర్, నిమ్మరసం లాంటి పులుపేదీ దగ్గరికి రానివ్వకు, జింకును తినేస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు ఒక్క చుక్క వేసి, ఆ నీళ్లతో తడిపిన బడ్‌తో తుడువు. ముంచకు. లోపల స్ప్రింగులు ఉక్కువి, తడిస్తే తుప్పు పడతాయి. వెండిలా మెరిసే ప్లాస్టిక్ ముక్కలు ఉన్న బొమ్మ ఎప్పుడైనా దొరికితే వాటిని పొడి మెత్తటి గుడ్డతో తప్ప ముట్టుకోకు. ఆ మెరుపు ఆవిరి పట్టించి వేసిన పూత, స్పిరిట్ తగిలితే గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.

పోత ఒంటి మీద వలలా సన్నటి పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే అది జింకు తెగులు. పోతపోసినప్పుడే అందులో సీసం లాంటివి కలిసి ఉంటాయి, లోపలి నుంచి విచ్చుకుంటుంది. దానికి వైద్యం లేదు. కొనేముందే చూసుకోవాలి. నీది బాగానే ఉంది, పోపీ బొమ్మల్లో నేనూ పెద్దగా చూడలేదు.

ఇక స్క్రూలు. మీ ఇంట్లో ఉన్న మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ ఈ బొమ్మల మీద పెట్టకు. జపాన్ స్టార్ స్క్రూ గాడి కొలత వేరు, జిస్ (జపాన్ పరిశ్రమల ప్రమాణం) అంటారు. కొన్నిటి తల మీద చిన్న చుక్క కూడా కొట్టి ఉంటుంది. మామూలు డ్రైవర్ కొస అందులో పూర్తిగా దిగదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని నమిలేస్తుంది. ఆ తర్వాత ఆ స్క్రూ ఎవరికీ రాదు. నువ్వు ఉన్నది టోక్యోలోనే కాబట్టి ఇబ్బంది లేదు, హార్డ్‌వేర్ షాపులో వెస్సెల్ కంపెనీ వాళ్ల జిస్ డ్రైవర్ ఒకటి తీసుకో. తిప్పేటప్పుడు తిప్పే బలం కన్నా కిందికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను మళ్లీ బిగించేటప్పుడు ముందు ఎడమకు తిప్పు. టక్కుమని పాత దారిలో పడ్డట్టు తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పు. లేకపోతే కొత్త దారి కోసుకుని బిగువు పోతుంది.

మజింగర్ పిడికిలి స్ప్రింగుతో ఎగిరే రకం కదా, దాన్ని విప్పేటప్పుడు చేతులు రెండూ పెద్ద ప్లాస్టిక్ కవరులో పెట్టి విప్పు. స్ప్రింగు ఎగిరినా కవరులోనే ఉంటుంది. విప్పే ప్రతి దశలో ఫోటో తీసుకో.

మూడోది జంబో మషిండర్ అనే పెద్ద ప్లాస్టిక్ రోబో. 1973లో పోపీ మొదలుపెట్టింది, 60 సెంటీమీటర్ల ఎత్తు, లోపలంతా డొల్ల. షాంపూ సీసాలు చేసే పాలిథిలీనే అది. నీ మూడింటిలో నీళ్లంటే భయం లేనిది ఇదొక్కటే. స్టిక్కర్లు ఉన్నచోట్లు వదిలేసి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. పాదాల చక్రాల ఇరుసులు లోహానివి, వాటిని తడవగానే ఆరబెట్టు. పగిలినచోట సూపర్ గ్లూ వేస్తావేమో, పాలిథిలీన్‌కు మామూలు జిగుర్లేవీ సరిగ్గా పట్టవు. పైగా గ్లూ ఆవిరికి చుట్టుపక్కల తెల్లటి మసక వస్తుంది. అంచులు లేచిన స్టిక్కర్లకు నీళ్లలో కరిగే జిగురు టూత్‌పిక్‌తో పెట్టు, పట్టకపోతే అలాగే వదిలెయ్. కొత్తగా అచ్చేసిన స్టిక్కర్లు దొరుకుతాయి గానీ వాటిని వేస్తే, రేపు అమ్మేటప్పుడు ఆ మాట చెప్పి అమ్మాలి.

పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్ గురించి అడిగావు. ఇక్కడి వాళ్లు వైడ్ హైటర్ అనే బట్టల బ్లీచ్‌లో నానబెట్టి ఎండలో పెడతారు, అందులో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ పని చేస్తుంది. తెల్లబడటం నిజమే. కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కడమూ నిజమే, ఒక్కోసారి చారలు చారలుగా వస్తుంది. రంగు, స్టిక్కరు, మెరుపు పూత ఏదీ లేని విడి ముక్క అయితే నీ ఇష్టం, నేనైతే చేయను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, వట్టి హైటర్ అని పక్కనే ఇంకో సీసా ఉంటుంది, అది క్లోరిన్‌ది. వెనిగర్‌తో కలిసిందంటే విషవాయువు.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పని అయ్యాక చేతులు కడుక్కో, తినే బల్ల మీద ఈ పని పెట్టుకోకు. జూన్‌లో త్సుయు వానలు మొదలయ్యేలోపు బొమ్మల్ని అద్దాల అలమరలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టు, కిటికీ ఎండకు దూరంగా. మెత్తటి వినైల్ బొమ్మలు ఏవైనా ఉంటే వేరే అరలో. వాటిలోంచి ఊరే నూనె పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌ను కరిగించి అంటుకుపోతుంది. సెల్లు తీసేసి పెట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఈ శనివారానికి జంబో ఒక్కటే కడుగు. రేకు రోబోకు లిట్మస్ పరీక్ష చేసి, కాగితం ఏ రంగు తిరిగిందో పగటి వెలుగులో ఫోటో తీసి పంపు. మజింగర్‌ను జిస్ డ్రైవర్ చేతికి వచ్చేదాకా ముట్టుకోకు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను, మోటారు సంగతి వీడియో కాల్‌లో చూద్దాం.

ఇట్లు,
పిన్ని
యొకొహామా