తెచ్చుకున్న కుక్క కుంటుతోంది, ఎక్స్‌రేలో ఏమీ లేదు. నొప్పి మాత్ర వేయొచ్చా?

రోడ్డు మీద నుంచి తెచ్చుకున్న కుక్క రెండు వారాలుగా కుంటుతోంది, దెబ్బ కనబడటం లేదు, ఎక్స్‌రే బాగానే ఉంది, మనం వాడే నొప్పి మాత్ర సగం వేయొచ్చా అని అడిగారు. వేయకండి. పావు ముక్క కూడా వద్దు. నేను వేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది నెల్లూరు, వేదాయపాళెం. మా ఆయన రొయ్యల మేత సప్లయి చేస్తారు. రెండేళ్ల కిందట మైపాడు వైపు ఒకరి రొయ్యల గుంటల్లో వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి పంట అర్ధాంతరంగా తీసేశారు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు విప్పుకుపోయారు, మోటార్లు విప్పుకుపోయారు, కాపలా అతను షెడ్డుకి తాళం వేసి ఊరికి వెళ్లిపోయాడు. కాపలాకని పెంచిన కుక్క మాత్రం గట్టు మీదే మిగిలిపోయింది. "అన్నా, ఇటు వచ్చినప్పుడు దీనికి కాస్త అన్నం పెట్టు" అని మా ఆయనకి చెప్పి పోయాడంట. నాలుగు రోజుల తర్వాత వెళ్తే, ఎండిపోయిన గుంట మధ్యలో కూర్చుని షెడ్డు వైపే చూస్తా ఉందంట. మేత బస్తాల ఆటోలోనే ఎక్కించుకుని తెచ్చేశారు. ఎర్రగా ఉంటాడని ఎర్రోడు అన్నాం, అదే పేరైపోయింది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. లక్షలు పెట్టి గుంటలు వేసేవాళ్లు, రాత్రంతా మేలుకుని గట్లు కాసిన జీవానికి పంట అయిపోయాక ఒక దారి చూపించలేరా? మోటారు లెక్కలో ఉంటుంది, వల లెక్కలో ఉంటుంది, కుక్క ఎవరి లెక్కలోనూ ఉండదు. సీజన్ అయ్యాక ఆ రోడ్డు మీద ఒకసారి వెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది.

సరే, కాలి సంగతి. వచ్చిన నెలకి ఒక పొద్దున కుడి ముందు కాలు నేల మీద పెట్టలేదు. తుమ్మ ముల్లు గుచ్చుకుందేమోనని వేళ్ల సందులన్నీ చూశాం, లేదు. రోహిణి కార్తె, సిమెంటు రోడ్డుకి అరికాలు కాలిందేమో అనుకున్నాం, అదీ కాదు. రెండు రోజులకి మామూలుగా తిరిగాడు. వారం తర్వాత మళ్లీ కుంటాడు. ఎక్స్‌రే తీయించాం, ఎముక శుభ్రంగా ఉంది. "వీధి కుక్క కదా, అన్నం కోసం నాటకాలు నేర్చింది" అని పక్కింటావిడ. నాకు ఒళ్లు మండింది. పెట్టిన అన్నమే ముట్టుకోని కుక్క అన్నం కోసం నాటకమాడుతుందా?

ఆ టెన్షన్‌లోనే మందుల షాపుకి వెళ్లి అడిగాను. మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ చేతిలో పెట్టి సగం సగం వేయమన్నాడు. రెండు రోజులు వేశాను. మూడో రోజు వాంతులు, విరేచనం తారులా నల్లగా. కడుపులో పుండు పడి రక్తం కారితే అలా నల్లగా వస్తుందని నాకు తర్వాత తెలిసింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పారాసెటమాల్, ఇవేవీ మన లెక్కన కుక్కకి వేసేవి కావు. పశువుల డాక్టర్లు కుక్కలకి వాడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, అవి కూడా బరువు చూసి, రక్తం చూసి ఇస్తారు.

మమ్మల్ని దారిలో పెట్టింది మా వంటింటి క్యాలెండర్. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ మా ఆయన అందులోనే రాస్తారు. కుంటిన రోజుల్లో ఏ కాలో కూడా రాస్తూ వచ్చారు, నేను గమనించనే లేదు. డాక్టరు గారు "ఏ కాలమ్మా?" అని అడిగితే నేను కుడి ముందుది అన్నాను. మా ఆయన ఫోన్‌లో క్యాలెండర్ ఫొటో తీసి చూపించారు. 3న "కు.ము", అంటే కుడి ముందు కాలు. 11న "ఎ.వె", ఎడమ వెనక కాలు. 12న అదే, 19న "కు.వె", కుడి వెనక కాలు. డాక్టరు గారు ఆ ఫొటో ఒక నిమిషం చూసి, కాళ్లు వదిలేసి చెవి తిప్పారు. లోపలి మడతలో మినప గింజలంత గోమార్లు, అదే రక్తం పీల్చే పిడుదులు, వరసగా నాలుగు. తర్వాత మడమ కీలు పట్టుకుని నా వేలు అక్కడ పెట్టించారు, వేడిగా, ఉబ్బుగా తగిలింది. "నొప్పి కాలు మారుతోందంటే జబ్బు కాలిది కాదమ్మా, రక్తంలో ఉంది" అన్నారు.

రక్త పరీక్షలో, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 58 వేలు. 2 లక్షలకు పైనే ఉండాలంట. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం. కీళ్లు వాస్తాయి, కానీ ఎముక బాగానే ఉంటుంది, అందుకే ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. ప్లేట్‌లెట్లు అంత పడిపోయిన కుక్కకి నేను కడుపులో పుండు చేసే మాత్ర వేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు కడుపు కుదుటపడటానికి సెలైన్, మందులు ఇచ్చారు. తర్వాత డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, అన్నం తిన్నాక మాత్రమే. మూడో రోజుకి గిన్నె ఖాళీ చేశాడు, వారానికి నాలుగు కాళ్ల మీద నడిచాడు. పదో రోజు ఇక ఆపేద్దామా అని అడిగితే డాక్టరు గారు నన్ను బాగా కేకలేశారు. బాగయ్యాడని మధ్యలో ఆపితే లోపల మిగిలిపోయి మళ్లీ తిరగబెడుతుందంట.

గోమార్లకి కిరసనాయిలు పూయమని, గేదెలకి కొట్టే మందు కలిపి పోయమని చెప్పేవాళ్లు మీకూ తగులుతారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, అదంతా కడుపులోకే పోతుంది. ఒంటి మీద ఉన్నవి పట్టకారుతో చర్మం దగ్గర పట్టి లాగండి, వేళ్లతో చిదమకండి. గోడ పగుళ్లు తప్పక చూడండి. ఆడ గోమారి కిందికి దిగి వేలల్లో గుడ్లు పెట్టేది అక్కడే. మేం మెట్ల కింద పగుళ్లన్నీ సిమెంటుతో పూడిపించాకే వాటి పీడ పోయింది.

మన వైపు దెబ్బ లేకుండా కాలు మార్చి మార్చి కుంటుతుంటే నేను ముందు గోమార్లనే అనుమానిస్తాను, మిగతావన్నీ తర్వాతే. మీ వాడు కుంటేది ప్రతిసారీ ఒకే కాలా, వేరే వేరే కాళ్లా? అది మీరు రాయలేదు. ఈ రాత్రికే చెవి మడతలు, వేళ్ల సందులు టార్చి వేసి చూడండి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లి, రక్త పరీక్ష చేయమని మీరే అడగండి.