పేగు క్యాన్సర్ లివర్‌కు పాకింది... ఆపరేషన్ చేయించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఆరు నెలల కిందట పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు స్కానింగ్‌లో లివర్‌లో రెండు గడ్డలు కనిపించాయి. వేరే ఎక్కడా లేవట. కొన్నాళ్లు కీమో ఇచ్చి లివర్‌కూ ఆపరేషన్ చేద్దామంటున్నారు. ‘నాలుగో స్టేజీలో కత్తి పెడితే ఇంకా ముదురుతుంది’ అని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: కత్తి తగిలితే ముదురుతుందన్నది అపోహ. నాలుగో స్టేజీలో చాలా క్యాన్సర్లకు ఆపరేషన్ చేయరన్న మాట మాత్రం నిజమే. కానీ పేగు క్యాన్సర్ లెక్క వేరు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా లివర్‌కే చేరుతుంది కాబట్టి, కొందరిలో జబ్బు అక్కడికే పరిమితమై ఉంటుంది. ఆ గడ్డల్ని పూర్తిగా తీసేయగలిగితే నూటికి 40 నుంచి 50 మంది ఐదేళ్లు దాటుతున్నారు. కీమో ఒక్కదానితో అంతకాలం ఉండేవాళ్లు చాలా తక్కువ.

అలాగని ఆపరేషన్‌తో అంతా అయిపోయిందనుకోకండి. సగం మందికి పైగా మళ్లీ వస్తుంది, లివర్‌లోనో ఊపిరితిత్తుల్లోనో. తొందరగా పట్టుకుంటే కొందరికి రెండోసారీ తీసేయొచ్చు. అందుకే సీఈఏ రక్తపరీక్ష (క్యాన్సర్ తిరిగొస్తే చాలామందిలో పెరిగే ఓ ప్రోటీన్‌ను చూసేది), సీటీ స్కాన్ డాక్టర్ చెప్పిన గడువుకు తప్పకుండా చేయించాలి.

గడ్డలు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే, తీశాక ఎంత లివర్ మిగులుతుందన్నదే సర్జన్ ముందుగా చూసేది. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో పావు వంతు మిగిలినా కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. కీమో ఎక్కువైనా, ఫ్యాటీ లివర్ ఉన్నా ఆ పావు చాలదు. నాన్నగారికి షుగర్, మందు అలవాటు ఉంటే మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.

కీమోతో ఒక్కోసారి గడ్డ స్కాన్‌లో కనిపించకుండా పోతుంది. ఇంట్లోవాళ్లు ‘పోయింది కదా, ఇంక ఆపరేషన్ ఎందుకు’ అంటారు. చాలాసార్లు అక్కడ క్యాన్సర్ కణాలు బతికే ఉంటాయి. పైగా కంటికి కనపడని గడ్డను ఎక్కడని వెతికి కోస్తారు? అందుకే కీమో మొదలవకముందే లివర్ సర్జన్‌ను ఒకసారి కలవండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కానింగ్ సీడీ కూడా పట్టుకెళ్లండి. ఆయన చూడాల్సింది ఆ బొమ్మలనే.